ఇంటి వైరింగు తెలుసుకుందాం: మీటరు నుంచి ప్లగ్గు దాకా

"ఎంసీబీలు పెట్టించాం కదా, ఇంక షాక్ భయం లేదు" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్. దానికి మనిషితో పని లేదు. గోడలో ఉన్న వైరు వేడెక్కి కాలిపోకుండా చూడడమే దాని ఉద్యోగం. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్; దానికి తోడు ఎర్తింగు, అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపే తీగ. ఎవరి పని ఏదో తెలిస్తే ఇంటి వైరింగులో సగం అర్థమైనట్టే. మిగతా సగం ఏ సామానుకి ఎంత లావు వైరు, ఆ వైరుకి ఎంత ఎంసీబీ అన్న లెక్క.

ఉదాహరణకి మన ఊళ్లలో మామూలుగా కనిపించే రెండు పడగ్గదుల ఇంటిని తీసుకుందాం. సింగిల్ ఫేజ్ కనెక్షన్. ఒక ఏసీ, ఒక గీజరు, వాషింగ్ మెషిన్, ఇండక్షన్ స్టవ్, నీళ్ల మోటారు, ఇన్వర్టరు ఉన్నాయి.

కరెంటు వచ్చే దారి

స్తంభం నుంచి సర్వీసు వైరులో రెండు తీగలు వస్తాయి: కరెంటు తెచ్చే ఫేజు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్. అవి మీటరులోకి వెళ్లి, అక్కడి నుంచి కటౌట్ (ఫ్యూజు పెట్టె) లేదా మెయిన్ స్విచ్ మీదుగా ఇంట్లోని డిస్ట్రిబ్యూషన్ బోర్డుకి, అంటే డీబీకి చేరతాయి. మీటరు, దాని సీలు, సర్వీసు వైరు విద్యుత్ సంస్థ పరిధిలోవి. వాటి జోలికి ఇంటివాళ్లు గానీ ప్రైవేటు ఎలక్ట్రీషియన్ గానీ వెళ్లకూడదు. అక్కడ ఏ తేడా కనిపించినా 1912కి ఫోన్ చేయాలి.

ఎర్త్ తీగ మాత్రం మామూలుగా స్తంభం నుంచి రాదు. మన ఇంటి పక్కన తవ్విన ఎర్త్ గుంతలో మొదలవుతుంది. ఈ చిన్న సంగతికి ఎంత విలువుందో ముందు ముందు తెలుస్తుంది.

ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు ఉంటాయి. త్రీ ఫేజ్ ఇంట్లో ఒక ఫేజుకీ ఇంకో ఫేజుకీ మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటాయి. అందుకే త్రీ ఫేజ్ ఇళ్లలో ఒకే స్విచ్ బోర్డులోకి రెండు వేర్వేరు ఫేజులు తేకూడదు.

డీబీలోకి వచ్చిన ఫేజు ఒక్కో ఎంసీబీ గుండా ఒక్కో సర్క్యూట్‌గా చీలుతుంది. న్యూట్రల్ తీగలన్నీ ఒక ఇత్తడి పట్టీకి, ఎర్త్ తీగలన్నీ ఇంకో పట్టీకి చేరతాయి. ఈ రెండు పట్టీలు ఇంట్లో ఎక్కడా కలవకూడదు.

ముందు మీ ఇంటి పటం గీయండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు చేయాల్సిన పని ఇది. ఒక కాగితం తీసుకుని, ఇన్వర్టర్ ఆపేసి, డీబీలో ఒక్క ఎంసీబీని కిందికి దించండి. ఇల్లంతా తిరిగి ఏ లైటు, ఏ ఫ్యాను, ఏ ప్లగ్గు పోయిందో రాసుకోండి. దాన్ని పైకి లేపి పక్కదాన్ని దించండి. ప్లగ్గులకి ఫోన్ చార్జరు పెట్టి చూస్తే చాలు. అరగంటలో అయిపోతుంది. చివర్లో ఎంసీబీల కింద పేర్లు రాసి అతికించండి.

పటం పూర్తయ్యేసరికి చాలా ఇళ్లలో ఒక వింత బయటపడుతుంది. గీజరూ వంటింటి పదహారు ఆంపియర్ల ప్లగ్గులూ ఒకే ఎంసీబీ మీద ఉంటాయి, పక్కనే మూడు ఎంసీబీలు ఖాళీగా ఉంటాయి. పొద్దున్నే గీజరు వేసి ఇండక్షన్ స్టవ్ పెట్టగానే పవర్ పోవడానికి కారణం అదే.

లోడు లెక్క

వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. నోటి లెక్కకి కిలోవాటుకి నాలుగున్నర ఆంపియర్లు అనుకోండి. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 3,000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13, ఇండక్షన్ స్టవ్ పూర్తి వేడి మీద 9, ఇస్త్రీ పెట్టె 4 నుంచి 5, టన్నున్నర ఏసీ 7 నుంచి 8 లాగుతాయి. మిక్సీ మూడు పైచిలుకు. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. ఎల్ఈడీ బల్బులు ఈ లెక్కలో లేనట్టే.

మోటార్లకి ఇంకో లెక్క ఉంది. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. కానీ అది మోటారు బయటికి ఇచ్చే శక్తి. లోపలికి తీసుకునేది అంతకంటే ఎక్కువ, సుమారు 7 ఆంపియర్లు. స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది.

వైరు, దానికి తగ్గ ఎంసీబీ

గోడలో పైపు గుండా వెళ్లే రాగి వైరుకి గాలి తగలదు, అందుకని కంపెనీ పట్టికల్లోని చిన్న అంకెనే నమ్మాలి. 1.5 స్క్వేర్ ఎంఎం (లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం) వైరు 13 ఆంపియర్ల వరకు మోస్తుంది. 2.5 వైరు 18, 4 వైరు 24, 6 వైరు 31 దాకా మోస్తాయి. ఒకే పైపులో నాలుగైదు సర్క్యూట్లు కుక్కితే ఇవి ఇంకా తగ్గుతాయి. పాత ఇళ్లలో త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అని గేజీ లెక్కలో చెబుతారు. త్రీ ట్వంటీ అంటే సుమారు 2 స్క్వేర్ ఎంఎం, సెవెన్ ట్వంటీ అంటే సుమారు నాలుగున్నర.

ఎంసీబీ ఎప్పుడూ వైరు మోయగలిగిన దానికంటే తక్కువ ఉండాలి. 1.5 వైరుకి 6 లేదా 10 ఆంపియర్లు, 2.5కి 16, 4కి 20, 6కి 25. అలా తక్కువ ఎందుకంటే 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడిపోదు. 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్లు పారినా గంట వరకు పడకూడదని ప్రమాణం. 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్లు పారితే గంట లోపు పడాలి. ఆ గంటసేపూ వైరు ఆ వేడిని భరించాలి.

మా లెక్కలో ఇంటి వైరింగులో అన్నిటికంటే ప్రమాదకరమైన "రిపేరు" ఒకటుంది: మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్ల ఎంసీబీ తీసేసి 25 లేదా 32ది పెట్టడం. ఇక ఎంసీబీ పడదు, నిజమే. దాని బదులు గోడలోని వైరు మాడుతుంది. పాత కటౌట్‌లో ఫ్యూజు తీగ బదులు రాగి పోగులు మెలేసి చుట్టడమూ ఇలాంటిదే.

ఎంసీబీ మీద బీ, సీ అన్న అక్షరాలు షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు ఎన్ని రెట్లకి ఠక్కున పడాలో చెబుతాయి. బీ అయితే 3 నుంచి 5 రెట్లు, సీ అయితే 5 నుంచి 10 రెట్లు. లైట్లకి, గీజరుకి బీ బాగుంటుంది. మోటారు, ఏసీ, ఫ్రిజ్ ఉన్న చోట సీ కావాలి, లేకపోతే స్టార్ట్ అయినప్పుడల్లా పడిపోతుంది.

మన ఉదాహరణ ఇంటికి సర్క్యూట్లు ఇలా విడదీయవచ్చు. లైట్లు, ఫ్యాన్లకి రెండు సర్క్యూట్లు, 1.5 వైరుతో, ఒక్కోదానికి పది పాయింట్లు మించకుండా. రెండు ఎందుకంటే ఒకటి పోయినా సగం ఇంట్లో వెలుగు ఉంటుంది. వంటింటికి రెండు: ఇండక్షన్‌కి విడిగా ఒకటి, ఫ్రిజ్, మిక్సీలకి ఒకటి, రెండూ 2.5 వైరుతో 16 ఆంపియర్లు. గీజరుకి ఒకటి, వాషింగ్ మెషిన్‌కి ఒకటి, మోటారుకి ఒకటి, ఇవీ 2.5 వైరుతోనే. ఏసీకి 4 వైరుతో 20. మొత్తం ఎనిమిది. డీబీ కొనేటప్పుడు పన్నెండు సర్క్యూట్లకి దారులున్నది కొనండి, రేపు ఇంకో ఏసీ వస్తుంది.

వైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న ముద్ర చూడండి. కాయిల్ మామూలుగా 90 మీటర్లు ఉంటుంది. ఫేజుకి ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కి నలుపు, ఎర్త్‌కి ఆకుపచ్చ వాడించండి. ఎర్ర కాయిల్ మిగిలిందని న్యూట్రల్‌కి కూడా అదే లాగేవాళ్లుంటారు. పదేళ్ల తర్వాత బోర్డు విప్పే మనిషి ప్రాణం ఆ రంగు మీద ఆధారపడి ఉంటుంది, మొహమాటపడకుండా కాదనండి.

సన్న వైరు ఏం చేస్తుందో ఒక్క లెక్క చూద్దాం. డీబీకి 20 మీటర్ల దూరంలో గీజరు. కరెంటు వెళ్లి రావాలి గనక దారి 40 మీటర్లు. 2.5 రాగి వైరుకి కిలోమీటరుకి 7.41 ఓముల నిరోధం, కాబట్టి 40 మీటర్లకి 0.3 ఓము. 9 ఆంపియర్లకి గోడలో వేడిగా పోయేది 24 వాట్లు. అదే 1.0 వైరు అయితే నిరోధం 0.72 ఓము, వేడి 58 వాట్లు. ఆ వైరు మోసే హద్దుకి దగ్గరగా, రోజూ, ఏళ్ల తరబడి.

వదులు స్క్రూ

నిజానికి ఇళ్లలో కాలేవి ఎక్కువగా వైర్లు కాదు, వాటి చివర్లు. సాకెట్ వెనక స్క్రూ వదులై అక్కడ అర ఓము నిరోధం పుట్టిందనుకోండి. 9 ఆంపియర్లు పారితే ఆ ఒక్క చోట 40 వాట్ల వేడి. టంకం పెట్టే ఐరన్ చాలావరకు 25 వాట్లే. ప్లాస్టిక్ కరుగుతుంది, రాగి నల్లబడుతుంది, నల్లబడ్డ కొద్దీ నిరోధం ఇంకా పెరుగుతుంది. ఇదంతా జరుగుతున్నా ఎంసీబీకి తెలియదు, ఎందుకంటే పారే కరెంటు మామూలుగానే ఉంది. ఆర్‌సీసీబీకీ తెలియదు.

కాబట్టి చేత్తో కనిపెట్టాలి. గీజరు పావుగంట నడిచాక దాన్ని ఆపి, ప్లగ్గు తీసి, ప్లగ్గు ఒంటిని తాకి చూడండి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంతగా కాలితే సాకెట్ మార్చాలి. డీబీలోని స్క్రూలన్నీ రెండేళ్లకొకసారి ఎలక్ట్రీషియన్ చేత, మెయిన్ ఆపించి, బిగింపించడం మంచిది. జాయింట్లు ఎప్పుడూ బోర్డులో గానీ జంక్షన్ బాక్సులో గానీ ఉండాలి. పైపు మధ్యలో వైరు అతికి టేపు చుట్టి లోపలికి తోసేస్తే, అది ఎక్కడ కాలిందో గోడ పగలగొట్టినా దొరకదు.

ఎర్తు, ఆర్‌సీసీబీ

గీజరులోని కాయిల్ పగిలి ఫేజు దాని రేకు ఒంటిని తాకిందనుకుందాం. ఎర్త్ తీగ ఉంది. గుంత నిరోధం 10 ఓములు. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ నిరోధం కూడా కలుస్తుంది గనక నిజంగా పారేది ఇంకా తక్కువ. 16 ఆంపియర్ల ఎంసీబీ 23 ఆంపియర్లకి పడడానికి గంట పట్టవచ్చని ఇందాక చూశాం. ఆ గంటసేపూ గీజరు ఒంటి మీద, దానికి కలిసిన నీళ్ల పైపుల మీద దాదాపు రెండొందల వోల్టులు ఉంటాయి. ఎంసీబీ ఉంది, ఎర్త్ ఉంది, అయినా మనిషికి రక్షణ లేదు.

ఈ ఖాళీని పూడ్చేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా ఆపేస్తుంది. ఎర్త్ గుంత ఎండిపోయి 100 ఓములు అయినా రెండు ఆంపియర్లకి పైగా లీకవుతుంది, 30 మిల్లీ ఆంపియర్లకి అది చాలా రెట్లు ఎక్కువ.

మన ఇంటికి 40 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండిటినీ తెంపే) ఆర్‌సీసీబీ సరిపోతుంది. 100, 300 మిల్లీ ఆంపియర్లవీ అమ్ముతారు. అవి మంటల నివారణకి, మనిషి రక్షణకి కాదు. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుని, షార్ట్ సర్క్యూట్‌ని ఆపలేదు, దానికి ఎంసీబీ తోడుండాల్సిందే. రెండు పనులూ ఒకే డబ్బాలో కావాలంటే ఆర్‌సీబీఓ అడగండి. నెలకొకసారి దాని మీది టెస్ట్ బటన్ నొక్కండి, నొక్కగానే పడాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం ఆర్‌సీసీబీ కూడా ఏమీ చేయలేదు, దాని కళ్లకి మనిషీ బల్బూ ఒకటే.

పైపు ఎర్తింగుకి రెండున్నర మీటర్ల పొడవు, 40 ఎంఎం వ్యాసం ఉన్న జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపుని గోడకి మీటరున్నర దూరంలో నిలువుగా దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. రాయలసీమ, తెలంగాణ ఎర్ర నేలల్లో ఎండాకాలం మట్టి ఎండి నిరోధం బాగా పెరుగుతుంది. మార్చి నుంచి వానలు పడేదాకా గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, పైపుని తినేస్తుంది కూడా. పాత గుంత అయితే పై నట్టు తుప్పు పట్టిందేమో చూడండి.

ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు వెలిగించి "ఎర్త్ బ్రహ్మాండంగా ఉంది" అంటారు కొందరు. గుంత నిరోధం 100 ఓములు ఉన్నా ఆ బల్బుకి 190 వోల్టుల దాకా అందుతుంది, కాస్త మసకగా వెలుగుతుంది, అంతే. నిజం తెలియాలంటే ఎర్త్ టెస్టర్‌తో కొలిపించాలి. 5 ఓముల లోపు వస్తే సంతోషం.

ఎర్త్ లేని ఇంట్లో సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్ రంధ్రానికి కలపడం ఘోరమైన పని. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు ఫ్రిజ్ ఒంటికి నేరుగా ఫేజు వస్తుంది.

సాకెట్ మార్చడం

కాలిన 16 ఆంపియర్ల సాకెట్ మార్చడం ఇంట్లో చేయదగ్గ పని, కింది వరస తప్పకపోతే. డీబీ లోపలి పని, కొత్త వైరు లాగడం మాత్రం లైసెన్సు ఉన్నవాళ్లకి వదలండి.

1. ముందు టెస్టరు పనిచేస్తోందో కరెంటున్న ప్లగ్గులో చూసుకోండి. తర్వాత మెయిన్ దించండి. ఇన్వర్టర్ కూడా ఆపండి. మెయిన్ దించినా ఇన్వర్టర్ ఫేజులో 230 వోల్టులు అలాగే ఉంటాయి, ఇది మరిచి షాక్ తిన్నవాళ్లు తక్కువేం లేరు. డీబీ మీద "పని జరుగుతోంది" అని కాగితం అతికించండి.
2.  ఇప్పుడు విప్పబోయే సాకెట్‌లో చూడండి, స్విచ్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి. టెస్టరు ఒక్కదాన్నే నమ్మకండి, మల్టీమీటరుతో ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్ రెండూ సున్నా చూపాలి.
3. ప్లేటు విప్పి, తీగలు కదిలించకముందే ఫోటో తీయండి.
4. నల్లబడ్డ రాగిని మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించేయండి. తొడుగు ఒక సెంటీమీటరు ఒలవండి. ఒక్క పోగు కూడా తెగకూడదు.
5. ముందు నుంచి చూస్తే పైన లావు రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. ఫేజు స్విచ్ గుండా రావాలి. పోగులు మెలేసి, రంధ్రం పెద్దదైతే మడిచి దూర్చి బిగించండి. లాగి చూడండి, రాకూడదు. స్క్రూ తొడుగు మీద కాదు, రాగి మీద పడాలి.
6. స్విచ్ మీది అంకె చూడండి. సాకెట్ 16 ఉండి స్విచ్ 6 ఉన్న బోర్డులు బోలెడు. అలాంటిది ఉంటే ఇప్పుడే రెండూ మార్చేయండి.

ఏదైనా పోయినప్పుడు

ఎంసీబీ లేపిన క్షణంలోనే ఠప్పున పడితే షార్ట్. ఆ సర్క్యూట్‌లోని ప్లగ్గులన్నీ తీసి మళ్లీ లేపండి. నిలిస్తే తప్పు సామానుది, నిలవకపోతే వైరుది. పది ఇరవై నిమిషాలు నడిచి పడితే ఓవర్‌లోడు. మోటారు వేసినప్పుడే పడితే బీ రకం ఎంసీబీ ఉందేమో, లేదా మోటారు బిగుసుకుందేమో.

ఆర్‌సీసీబీ పడితే అన్ని ఎంసీబీలు దించి దాన్ని లేపండి, తర్వాత ఒక్కొక్కటిగా లేపుతూ రండి. ఏది లేపగానే పడిందో ఆ సర్క్యూట్‌లో లీకు. వానాకాలంలో మొదటి అనుమానం ఆరుబయట లైటు, గేటు దగ్గర స్విచ్, మోటారు మీద పెట్టుకోండి. అన్ని ఎంసీబీలూ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే కంగారు పడకండి. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజుని మాత్రమే తెంపుతుంది. ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోందన్నమాట. సామాన్లన్నీ ప్లగ్గు నుంచి పీకేయండి. అయినా తగ్గకపోతే ఎలక్ట్రీషియన్ న్యూట్రల్ పట్టీ నుంచి ఒక్కో తీగ విప్పి వెతకాలి. కొత్తగా ఇన్వర్టర్ పెట్టించాక మొదలైందంటే రెండు సర్క్యూట్ల న్యూట్రల్స్ కలిపేశారేమో చూడమనండి.

ఏదీ వెలగక, ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగితే న్యూట్రల్ తెగింది. ఫేజు ఏదో ఒక సామాను గుండా రెండో వైపుకి చేరి నిలబడి ఉంది.

కొన్ని లైట్లు మండిపోయేంత వెలుగుతూ కొన్ని మసకబారితే ఒక్క క్షణం ఆలోచించకుండా మెయిన్ దించండి. త్రీ ఫేజ్ లైనులో న్యూట్రల్ ఊడినప్పుడు ఇలా అవుతుంది. ఇంట్లోకి 230 బదులు 300, ఇంకా పైకి వోల్టులు వచ్చి టీవీ, ఫ్రిజ్ నిమిషాల్లో పోతాయి. తర్వాత 1912.

స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు మినుకుమినుకుమంటుంటే స్విచ్‌లోని ఇండికేటర్ వల్ల కావచ్చు, లేదా స్విచ్ ఫేజులో కాక న్యూట్రల్‌లో పెట్టి ఉండవచ్చు. రెండోదైతే ఆపినా హోల్డరులో కరెంటు ఉన్నట్టే, సరిచేయించాలి. ఫ్యాను ఒక్కటే నెమ్మదించిందా? చాలాసార్లు కండెన్సర్ మారిస్తే సరి.

మీటరు చెప్పే సంగతి

మీటరు మీద ఎర్రగా మెరిసే చుక్క పక్కన యూనిట్‌కి 3200 అనో 1600 అనో అంకె ఉంటుంది. 3200 అయితే, రెండు మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టి 1125ని ఆ సెకన్లతో భాగించండి. ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వస్తుంది. 1600 మీటరుకి 2250ని భాగించాలి. అన్నీ ఆపి 2,000 వాట్ల గీజరు ఒక్కటే వేస్తే 3200 మీటరులో అర సెకనుకి కాస్త పైన ఒక మెరుపు రావాలి.

బిల్లు మీద అనుమానం ఉంటే ఇన్వర్టర్ ప్లగ్గు తీసి, మెయిన్ దించి ఐదు నిమిషాలు మీటరు చూడండి. చుక్క మెరవకూడదు. మెరిస్తే మెయిన్‌కి ముందే ఎవరో, ఏదో కరెంటు తీసుకుంటున్నట్టు. అపార్ట్‌మెంటులో అయితే మీ మీటరు మీద పక్క ఫ్లాటుదో, మెట్ల లైట్లదో వైరు కలిసిందేమో ముందు అది చూపించండి. మెయిన్ దించినప్పుడు ఆగి, మెయిన్ లేపి ఎంసీబీలన్నీ దించాక మెరిస్తే డీబీలోనే తప్పుంది. ఎంసీబీలు ఒక్కొక్కటి లేపినప్పుడు, స్విచ్‌లన్నీ ఆపి ఉన్నా మెరిస్తే ఆ సర్క్యూట్‌లో లీకు ఉందేమో వెతికించాలి. స్టాండ్‌బైలో ఉన్న టీవీ, సెట్‌టాప్ బాక్సు, స్టెబిలైజరు కూడా నెమ్మదిగా మెరిపిస్తాయి కాబట్టి ముందు వాటి ప్లగ్గులు తీసి చూడండి.